ఎవరికి ఊపిరాడింది

మా ఆయనకు కోపం రావడం మానేసి మూడేళ్ళయింది. అప్పటినుంచి ఆయన వాటా కూడా నాకే వస్తోంది.

ఇదివరకు మనిషి ఇలా ఉండేవాడు కాదు. ఆయన లిఫ్టు మెకానిక్కు, పదిహేడేళ్ళ సర్వీసు. పని నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే సూపర్‌వైజర్ని తిట్టడం మొదలుపెట్టేవాడు. నేను కంచాలు పెట్టేసరికి పై ఆఫీసు దాకా వెళ్ళేవాడు. నేనూ తక్కువ తినలేదు. కళ్ళద్దాల షాపులో పని నాది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం, వచ్చినవాళ్ళ ముక్కు మీద పెట్టి చూడడం. రోజంతా జనాన్ని "ఇప్పుడు కనిపిస్తోందా అండీ? ఇప్పుడో?" అని అడిగి అడిగి, ఇంటికొచ్చేసరికి నా దగ్గరున్న మర్యాద కాస్తా ఖర్చయిపోయేది. ఇద్దరం చెరో వైపు నుంచి అందుకుంటే మధ్యలో మా తమ్ముడు కూర్చుని, "బావా, ఆ మాట బాగుంది, ఇంకోసారి అను. అక్కా, నువ్వేంటి వెనకబడ్డావ్?" అని ఎగదోసేవాడు. చివరికి ముగ్గురం నవ్వుకుని అన్నాలు తినేవాళ్ళం. అదీ మా ఇల్లు.

ఇప్పుడు మా ఆయన తెల్లారకముందే లేచి బాల్కనీలో చాప పరుచుకుని, కళ్ళు మూసుకుని గంటసేపు కూర్చుంటాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా కదలడు. నేను అరిస్తే, "నీకు కోపం వచ్చింది, కనిపిస్తోంది," అంటాడు. కనిపించక చస్తుందా, ఎదురుగా నిలబడి అరుస్తుంటే! "దాన్ని అలా వచ్చి అలా పోనివ్వు," అంటాడు. "పోయేది కోపం కాదు, నేను," అంటాను. దానికీ ఒక చిరునవ్వే. ఆ చిరునవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. శాంతమూర్తి అని పేరు పెట్టాను. ఆ పేరుతో పిలిచినా పలికాడు, ఏం చేస్తాం.

మా తమ్ముడు మా గుమ్మం తొక్కడం మానేసి కూడా సరిగ్గా మూడేళ్ళే. ఈ రెండిటికీ లంకె ఉంది. అది చెప్పాలంటే ముందు వాడి గురించి చెప్పాలి.

నాకంటే పదకొండేళ్ళు చిన్న వాడు. అమ్మ పోయేనాటికి వాడికి ఆరు, నాకు పదిహేడు. ముక్కు తుడిచింది నేను, జుట్టు కత్తిరించింది నేను, లెక్కలు తప్పు చేస్తే వీపు మీద రెండు వేసి, ఆ వీపే నిమిరింది కూడా నేను. పిచ్చుక అని పిలిచేవాళ్ళం. ఒకచోట నిలవడు, ఇంతే తింటాడు, మెట్లు రెండేసి చొప్పున ఎగురుతాడు. పెళ్ళికి నేను పెట్టిన షరతు ఒక్కటే, వాడూ నాతో వస్తాడని. మా ఆయన "రానీ," అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆ ఒక్క మాటకే నేను ఆయన్ని చేసుకున్నాను. పెద్దయ్యాక వాడికి లిఫ్టు పని నేర్పించిందీ ఆయనే. ఇద్దరూ ఒకే జట్టు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. పైన మోటారు గదిలో ఒకరుంటారు, కింద లిఫ్టు పెట్టె నెత్తి మీద ఒకరు నిలబడి చక్రాలూ ఇనప తాళ్ళూ శుభ్రం చేస్తుంటారు. ఒకరికొకరు కనబడరు. పైవాడు "కదుపుతున్నా!" అని అరవాలి. కిందివాడు చేతులు తీసేసుకుని "కదుపు!" అని తిరిగి అరవాలి. ఆ జవాబు చెవిన పడ్డాకే మీట నొక్కాలి. పడకపోతే మళ్ళీ అరవాలి, ఎంత ఆలస్యమైనా సరే. కొత్తల్లో ఇద్దరూ దీన్ని మా వంటింట్లో సాధన చేసేవాళ్ళు. ఉప్పు డబ్బా చేతులు మారాలన్నా "ఇస్తున్నా!" "ఇవ్వు!" అని కేకలే. కింద వాటావాళ్ళు రెండుసార్లు పైకొచ్చి, అంతా క్షేమమేనా అని అడిగి వెళ్ళారు.

మూడేళ్ళ కిందట ఒక ఆఫీసు భవనంలో, పొద్దున పది గంటల వేళ, మా తమ్ముడి కుడిచేతి చివరి రెండు వేళ్ళు ఇనప తాడుకూ చక్రానికీ మధ్య పడి నలిగిపోయాయి. ఆసుపత్రిలో తీసేశారు. "వాడు 'కదుపు' అన్నాడు, కదిపాను. చెయ్యి మాత్రం తియ్యలేదు," అన్నాడు మా ఆయన. కంపెనీకి రాసిచ్చిన కాగితంలోనూ అదే మాట. కంపెనీ వాణ్ణి తీసేసింది. జాగ్రత్త లేని మనిషి అని కాగితం మీద పడ్డాక ఇంకే కంపెనీ మాత్రం లిఫ్టు దరిదాపులకు రానిస్తుంది? వాడికేమో ఆ పనంటే ప్రాణం. ఎవరింటికి వెళ్ళినా ముందు లిఫ్టు చప్పుడు విని, దానికేం జబ్బో చెప్పేవాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక పదకొండు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పన్నెండో రోజు నేను షాపులో ఉండగా బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇంటి తాళంచెవి ఫ్రిజ్ మీద పెట్టి ఉంది. చీటీ లేదు, చెప్పడం లేదు. ఫోను చేస్తే ఎత్తుతాడు. "ఊ." "బాగున్నా." "సరే." మా పిచ్చుక మూడు మాటల మనిషైపోయాడు.

ఆ తర్వాత రెండు నెలలు మా ఆయనకు నిద్ర లేదు. స్పానరు పట్టుకుంటే చెయ్యి వణికేది. తోటి మెకానిక్కు ఒకాయన చూడలేక ధ్యానానికి తీసుకెళ్ళాడు. మా ఊళ్ళో ఒక ప్రింటింగ్ ప్రెస్సు పైన పెద్ద హాలు ఉంది, అక్కడ వారానికోసారి అందరూ కూడి కూర్చుంటారు, మిగతా రోజులు ఎవరింట్లో వాళ్ళు. బుద్ధుడు చెప్పిన పద్ధతే, ఇంకే హంగూ లేదు. మొదట ఊపిరి గమనించడం, తర్వాత మైత్రి. ఆయనకు నిద్ర పట్టింది, చెయ్యి నిలబడింది. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు.

మైత్రి అంటే ఏమిటో ఒకరోజు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ముందు నీకు నువ్వు క్షేమం కోరుకోవాలి. తర్వాత నీకు ఇష్టమైనవాళ్ళకి. తర్వాత ఇష్టమూ అయిష్టమూ లేనివాళ్ళకి. చివర్లో, నీకు పొసగనివాళ్ళకి.

"ఆ చివరి వరసలో ఎవరున్నారు మీకు? సూపర్‌వైజరేనా?" అన్నాను.

"పిచ్చుక," అన్నాడు. "వాడు సుఖంగా ఉండాలి, వాడికి ఏ బాధా ఉండకూడదు అని రోజూ కోరుకుంటా."

"అదేదో ఫోన్ చేసి వాడికే చెప్పొచ్చుగా?"

"చేరుతుంది."

"చేరడానికి అదేమన్నా పార్సిలా?" అన్నాను. మళ్ళీ అదే చిరునవ్వు.

నాకు మాత్రం ఏదీ చేరడం లేదు, నా దగ్గర్నుంచి ఏదీ వెళ్ళడం లేదు. ఇదివరకు నాలుగు గుడ్లు ఉడకబెట్టేదాన్ని, అందులో రెండు వాడికి. ఇప్పటికీ చెయ్యి నాలుగే తీస్తుంది. ఆ రెండూ నేనే తింటున్నాను, లావయ్యాను కూడా. పై వాటాలో కొత్తగా దిగిన పోస్టుమాను మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. ఆ చప్పుడు వినగానే చేతిలో పని ఆగిపోతుంది. చప్పుడు మా తలుపు దాటి పైకి వెళ్ళిపోతుంది. ఏ పాపమూ ఎరగని ఆ మనిషిని రోజూ సాయంత్రం లోలోపల తిట్టుకుంటాను. మా తమ్ముడు పోయినా బాగుండేది అని ఒకసారి అనుకుని, నా చెంపలు నేనే వాయించుకున్నాను. పోయినవాళ్ళ కోసం ఏడ్చి ఊరుకోవచ్చు. నాలుగు స్టాపుల అవతల బతికున్నవాడి కోసం ఏమని ఏడవను?

నాలుగు స్టాపుల అవతలే. మార్కెట్ భవనంలో మెట్ల కింద చిన్న అర ఉంది, అందులో మారు తాళంచెవులు చేసే మిషను పెట్టుకున్నాడు. ఒకసారి బస్సెక్కి వెళ్ళాను. ఎదురుగా మందుల షాపు ముందు నిలబడ్డాను. తల వంచుకుని పని చేసుకుంటున్నాడు. ఎవరు కత్తిరిస్తున్నారో, జుట్టు మెడ దగ్గర వంకరగా ఉంది. వెళ్ళి ఆ మెడ మీద ఒక్కటి వేసి "పద ఇంటికి" అనాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? తలనొప్పి మాత్రలు కొనుక్కుని తిరిగొచ్చేశాను. నాకు తలనొప్పి లేదు.

ఏడాదికోసారి ఆ హాలుకు ఇంట్లోవాళ్ళను కూడా రమ్మంటారు. రెండేళ్ళు ఎగ్గొట్టాను. మూడో ఏడు నేనే బయల్దేరాను. అక్కడ నేర్పే ఆవిణ్ణి పట్టుకుని కడిగేద్దామని. 'మీకు శిష్యుడు దొరికాడు సరే, నా మొగుణ్ణి నాకు తిరిగిచ్చెయ్యండి' అని చెప్పాలని బస్సులో రెండుసార్లు మనసులో అనుకున్నాను కూడా.

హాల్లో సిరా వాసన. కింద ప్రెస్సు తిరుగుతుంటే నేల సన్నగా అదురుతోంది. కిటికీ దగ్గర జానెడు చెక్క బుద్ధుడు, ముప్ఫై చాపలు, గోడవార మాలాంటివాళ్ళకి కుర్చీలు. నేర్పే ఆవిణ్ణి అందరూ నర్సమ్మ అంటారు. ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో చేసి రిటైరైన మనిషి. డెబ్భై దాటాయి, పొట్టి జుట్టు, కాస్త చెవుడు. ఏదైనా వినాలంటే చెవికి చెయ్యి ఆనించి మొహం మీదికి వంగుతుంది. ఆవిడతో దెబ్బలాడ్డం ఎలాగా అని అప్పుడే నాకు దిగులేసింది.

గంట కూర్చున్నారు. లేచాక ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అదే ప్రశ్న అడిగింది. అది ఆ హాలు ఆచారమట. ఎవరూ తప్పించుకోవడానికి లేదు.

"ఈ వారం నువ్వు కూర్చోవడం వల్ల ఎవరికి ఊపిరాడింది?"

బస్సు డ్రైవరు ఒకాయన, సంచులతో ఎక్కిన ముసలావిడ సీట్లో కూర్చునేదాకా బండి కదపకుండా ఆగానన్నాడు. వెనక హారన్లు మోగినా ఆగాడట. ఆఫీసు గుమాస్తా ఒకావిడ, ఒక కాగితం తక్కువైందని వెనక్కి పంపాల్సిన మనిషిని కూర్చోబెట్టి, ఆ కాగితమేదో తనే రాసిచ్చానంది. లావుపాటి పెద్దమనిషి ఒకాయన తల గోక్కుని, "ఎవరికీ ఆడలేదండీ. నాకే ఆడట్లేదు," అన్నాడు. అందరం నవ్వాం. "సరే, వచ్చే వారం చూద్దాం," అని ఆవిడ ముందుకు కదిలింది. ఇదేదో బాగానే ఉందే అనిపించింది నాకు.

మా ఆయన వంతు వచ్చింది. వీపు నిటారుగా పెట్టి, కళ్ళలో వెలుగుతో చెప్పాడు.

"మా బావమరిదిని ఈ వారంతో పూర్తిగా క్షమించేశానమ్మా. మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు వాడి మీద నా మనసులో ఒక్క ముల్లు కూడా లేదు."

అందరి మొహాలూ విప్పారాయి. గుమాస్తా ఆవిడైతే చేతులు జోడించింది. నర్సమ్మ చెవికి చెయ్యి ఆనించింది.

"దేనికి?"

"ఆ?"

"దేనికి క్షమించావు బాబూ? ఏం చేశాడు నిన్ను?"

"అంటే... ఇంటికి రావడం మానేశాడు. మాట్లాడడు."

"అది తర్వాత సంగతి. మొదట ఏం చేశాడు?"

నేను కుర్చీ అంచుకు జరిగాను. ఇన్నేళ్ళలో ఆయన మొహం చూసి నాకు భయం వెయ్యడం అదే మొదలు. ఆ శాంతం ఉంది చూశారూ, అది తడిగోడ సున్నంలా ఊడిపోతోంది.

"ఏమీ చెయ్యలేదు," అన్నాడు చివరికి. "వాడేం చెయ్యలేదమ్మా. నేనే. నాలుగో అంతస్తులో జనం తలుపు బాదుతున్నారు, ఎంతసేపూ ఎంతసేపూ అని. కదుపుతున్నా అని అరిచాను. జవాబు కోసం ఆగలేదు. నొక్కేశాను. వాడు 'కదుపు' అనలేదు. అన్నాడని కాగితం మీద రాశాను."

కింద ప్రెస్సు తన పని తాను చేసుకుపోతోంది. లేచి కొట్టాలనిపించింది. అనిపించడమేమిటి, చెయ్యి లేచింది కూడా. నేను ఏడుస్తున్నాననుకుని పక్కనున్న డ్రైవరు భార్య ఆ చెయ్యి పట్టుకుని నిమిరింది. పాపం, మంచి మనిషి.

నర్సమ్మ ఆయన్ని తిట్టలేదు, ఓదార్చలేదు. ఎదురుగా చాప మీద కూలబడింది.

"మూడేళ్ళుగా వాడు సుఖంగా ఉండాలని కోరుకుంటున్నావు. వాడి సుఖానికి అడ్డం నీ చేతిరాత. అది తియ్యడానికి ధ్యానం ఎందుకయ్యా? పెన్ను చాలు."

"మరి ఇన్నాళ్ళూ కూర్చున్నదమ్మా?" మా ఆయన గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "అదంతా వృథాయేనా?"

"ఎందుకు వృథా? పెన్ను పట్టుకున్నప్పుడు నీ చెయ్యి వణక్కుండా ఉంటుంది. అందుకే కూర్చోబెట్టాను. నీ గుండె తేలికపడాలని కాదు." లేవడానికి ఆయన భుజమే ఆసరా చేసుకుంది. "చాప నేను చుట్టి పెడతాలే. పని చూసుకుని రా." అని పక్కనున్నాయన వైపు తిరిగి, "నీ సంగతేంటి?" అంది.

మెట్లు దిగుతుంటే నేను చెప్పాలని వచ్చినవేవీ నాకు గుర్తు లేవు. బస్టాపు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నా జన్మలో అంత దూరం నోరు మూసుకుని నడవడం అదే మొదటిసారి. బస్టాపులో మాత్రం ఆగలేకపోయాను.

"ఇన్నాళ్ళూ ఒకే కంచంలో తిన్నట్టు బతికాం. ఎందుకు చెప్పలేదు నాకు?"

"నువ్వు అడిగితే చెప్పేద్దామనుకున్నా. రోజూ అనుకున్నా, ఇవాళ అడుగుతావని. అడగలేదు."

"మీ తప్పు తెచ్చి నా నెత్తిన రుద్దుతారా!" అని విరుచుకుపడ్డాను. బస్టాపులో ఉన్నవాళ్ళంతా ఫోన్లు పక్కన పెట్టి మమ్మల్నే చూశారు. ఈసారి ఆయన మొహంలో చిరునవ్వు లేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని బాగా ఏడ్చాను. ఏడుపు మధ్యలో ఆ మాట మాత్రం చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. అడగలేదు. నిజమే, అడగలేదు. ఏం వినాల్సొస్తుందో లోపల ఎక్కడో తెలిసే అడగలేదేమో. అడిగి ఉంటే ఇద్దరిలో ఒకణ్ణి వదులుకోవాల్సి వచ్చేది. అడక్కుండా ఉండి ఒకణ్ణి వదులుకున్నాను, అంతే తేడా.

సోమవారం పొద్దున ఆయన బాల్కనీలోకి వెళ్ళలేదు. బల్ల దగ్గర కూర్చుని కాగితం తీశాడు. జరిగింది జరిగినట్టు రాశాడు, పాత కాగితంలోది అబద్ధమని రాశాడు, సంతకం పెట్టాడు. నేను వెనకే నిలబడి చూశాను. చెయ్యి వణకలేదు. ఇన్నాళ్ళూ ఆ కూర్చోవడం మీద నేనన్న మాటల్లో కొన్ని, కొన్నే, వెనక్కి తీసుకున్నాను. ఆఫీసులో ఇచ్చి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. విచారణ అయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారట. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పలేమన్నారట.

మర్నాడు ఇద్దరం మార్కెట్ భవనానికి వెళ్ళాం. మెట్ల కింద మిషను కీచుమంటోంది. ముందు ఇద్దరు మనుషులున్నారు. మేము వాళ్ళ వెనక వరసలో నిలబడ్డాం. అదేమిటో, పక్కనుంచి పిలవాలని తోచలేదు. మా తమ్ముడు మిగిలిన వేళ్ళతో తాళంచెవిని బొటనవేలికి ఆనించి పట్టుకుని, ఎడమ చేత్తో ఆకురాయి పెడుతున్నాడు. ఎంత నేర్పుగా చేస్తున్నాడో! అంత నేర్పు రావడానికి ఎన్ని రోజులు చెయ్యి కోసుకున్నాడో, పక్కన మందు రాసేవాళ్ళెవరైనా ఉన్నారో లేదో.

"తాళంచెవి ఇవ్వండి," అన్నాడు మా వంతు రాగానే, తలెత్తకుండా చెయ్యి చాపి.

ఆ చేతిలో మా ఆయన ఆఫీసులో ఇచ్చిన కాగితం నకలు పెట్టాడు. వాడు తలెత్తాడు. మమ్మల్ని చూశాడు. కాగితం విప్పి మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"జవాబు రాకుండానే నొక్కాన్రా," అన్నాడు మా ఆయన. "నువ్వు అనలేదు. నేనే అబద్ధం రాశాను. భయమేసింది."

"తెలుసు బావా. కిందున్నది నేనేగా." వాడి గొంతులో కోపం లేదు. "ఉద్యోగం?"

"ఇంట్లో కూర్చోమన్నారు."

"పర్లేదులే. ఊరికే కూర్చోవడం నీకు అలవాటేగా."

మా ఆయన మొహం చిట్లించి నవ్వబోయాడు, నవ్వు రాలేదు, మొహం కప్పుకుని మెట్ల గోడకు ఆనుకున్నాడు. మూడేళ్ళ తర్వాత మా పిచ్చుక నోట్లోంచి వెటకారం! నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక అంతా అయిపోయినట్టే, ఈ పూటే ఇంటికొచ్చేస్తాడు, దారిలో గుడ్లు కొనాలి అనుకున్నాను. అంత దూరం వెళ్ళిపోయింది నా ఆశ.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు. నవ్వు లేదు.

"బావ భయపడి రాశాడు. అది నాకు అప్పుడే అర్థమైంది. మరి నీకేం భయమక్కా? పదకొండు రోజులు నీ ఇంట్లో పడుకున్నా. 'ఏం జరిగిందిరా' అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నన్ను అడగొచ్చుగా."

నా దగ్గర మూడేళ్ళ మాటలున్నాయి. వండి పెట్టినవి, ఏడ్చినవి, మందుల షాపు దగ్గర నిలబడి వెనక్కొచ్చినవి. అవన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. ఎలా మింగానో నాకే తెలీదు.

"ఏం జరిగిందిరా?" అన్నాను.

వాడు నన్ను కాసేపు చూశాడు. నేను నిజంగానే అడుగుతున్నానా, లేక ఇంటికి తీసుకుపోవడానికి అడుగుతున్నానా అని చూస్తున్నాడు. తర్వాత మిషను స్విచ్ కట్టేశాడు. బల్ల కిందనుంచి ఒక స్టూలు లాగి నా ముందుకు తోశాడు. కూర్చున్నాను. మొదలుపెట్టాడు. ఆ పొద్దున ఏం తిని వెళ్ళిందీ, చక్రం గాడిలో మట్టి ఎలా గట్టిపడిందీ, గుడ్డ చుట్టి లోపలికి చెయ్యి ఎందుకు పెట్టాల్సొచ్చిందీ, అన్నీ. నాకు తెలిసినవీ తెలియనివీ అన్నీ. మధ్యలో నాలుగైదుసార్లు నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను.

"ఆసుపత్రిలో నువ్వు వచ్చీ రాగానే ఏమన్నావో గుర్తుందా?"

గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు.

"బావ వైపు చూసి 'మీకేం కాలేదు కదా' అన్నావు. తర్వాత నన్ను చూసి, 'కళ్ళెక్కడ పెట్టుకున్నావురా' అన్నావు. అంతే. నేను గోడవైపు తిరిగి పడుకున్నా."

కంగారులో అన్నాన్రా. నిన్ను తిట్టకుండా ఏ రోజు పెంచాను, నా తిట్టు నీకు తెలీదా. ఆ రక్తం చూసి నా మతి నాకు లేదు. ఒక్కొక్కటీ నాలుక చివర వచ్చి నిలబడింది. ప్రతి మాటా నిజమే. కానీ వాడు చెబుతున్నది వాడి సంగతి.

"అన్నానురా," అన్నాను. "చెప్పు. తర్వాత?"

వాడి కింది పెదవి అదిరింది. చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు అలాగే అదిరేది. మొహం తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. పన్నెండో రోజు దాకా వచ్చాడు. బట్టలు సర్దుకుని, నేను షాపు నుంచి ముందే వచ్చి ఆపుతానేమోనని గంటసేపు మంచం మీద కూర్చున్నాడట. ఆ సంగతి చెబుతుండగా ఎవరో పెద్దమనిషి వచ్చి బల్ల మీద తాళంచెవి పెట్టి, తొందరగా కావాలన్నాడు.

మా తమ్ముడు అటు చూడనైనా లేదు.

"కాసేపు ఆగండి సార్," అన్నాడు. "మా అక్కతో మాట్లాడుతున్నా."